ఊరంతా వచ్చింది

పెళ్ళిళ్ళ సీజన్‌లో షామియానా ఊరికే ఇచ్చేవాణ్ణి ఎవరైనా పిచ్చివాడనే అంటారు. దువ్వాడలో తాతబాబుని అందరూ అలాగే అన్నారు. అతను పట్టించుకోలేదు.

విశాఖలో బొగ్గు కంపెనీ ఆఫీసు ఎదురుగా దీక్షా శిబిరం మొదలై నెల దాటింది. షామియానా తాతబాబుది. కుర్చీలు, జంబుకానాలు, మైకు, వంటపాత్రలు, అన్నీ అతని టెంట్ హౌస్‌వే. పైసా తీసుకోలేదు. చేతికొచ్చిన పెళ్ళి బేరాలు వదులుకున్నాడని భార్య గౌరీశ్వరి మాట్లాడటం మానేసింది.

దీక్షలో కూర్చున్నది జీలుగుపాడు జనం. ఒరిస్సా సరిహద్దులో కొండ కింద ఉన్న చిన్న తెలుగు ఊరు అది. ఊరి కింద బొగ్గు ఉందని ఎప్పుడు తేలిందో అప్పుడే దాని రాత మారిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళు ఇప్పటికే గోతుల్లో కలిసిపోయాయి. పశువులు తాగే వాగు తారులా పారుతోంది. మిగిలింది జీలుగుపాడు ఒక్కటే.

తాతబాబంటే వాళ్ళకి అంత గురి ఎందుకంటే, అతనూ భూమి పోగొట్టుకున్నవాడే. ఏదో ఫ్యాక్టరీ కడతామంటే ఊరూ, ఉన్న చెక్కా ఇచ్చేశారు. ఇంటికో ఉద్యోగం అన్నారు. ఆ ఉద్యోగం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి తండ్రి పోయాడు. ఇప్పుడు కొడుకు సాయిశంకర్ డిగ్రీ పాసై షామియానా గుంజలు మోస్తున్నాడు.

"మాం కూడా మీలాగే నమ్మీసినాం. మీరు నమ్మకండి" అని తాతబాబు మైకులో అన్న రోజు ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

కంపెనీ మాత్రం కదల్లేదు. ఒకరోజు మేనేజరు పేపర్లో ఏకంగా, "ఊరు మొత్తం ఒప్పుకుంది. ఈ నలుగురికే ఏదో బాధ" అన్నాడు.

తాతబాబు ఆ పేపరు పట్టుకుని శిబిరంలోకొచ్చాడు.

"సూసినారా? మనం నలుగురమట! మూడ్రోజుల్లో ఢిల్లీ నుంచి పెద్దాఫీసర్లు వత్తన్నారు. పిల్లాజెల్లా, ముసలీముతకా, ఊరంతా ఈ పందిట్లో ఉండాల. అప్పుడేటంటాడో సూద్దాం."

కబురు వెళ్ళింది. మర్నాటికల్లా రైళ్ళు పట్టుకుని జనం వచ్చేశారు. ఊరి పెద్ద పైడయ్య ఒక్కడే నసిగాడు.

"అందరూ వచ్చీసినారు గానీ బావా, సన్యాసమ్మ రాదు. అది పొయ్యి ఒగ్గీసి ఎక్కడికీ కదల్దు."

సన్యాసమ్మ పొయ్యి సంగతి శిబిరంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మిషన్లు ఇదివరకే జీలుగుపాడు పొలిమేరదాకా వచ్చాయి. ఆమె గుమ్మం ముందు పొయ్యి రాజేసి, ఎసరు పెట్టి, పక్కన కూర్చుంది. మిషన్లు నడిపే డ్రైవర్లూ ఆ చుట్టుపక్కల వాళ్ళే. పొయ్యి వెలిగే ఊరి మీదికి చక్రం ఎక్కిస్తే వంశం నిలవదని వాళ్ళ నమ్మకం. మేనేజరు ఎన్ని బూతులు తిట్టినా వినకుండా, దిగి దండం పెట్టి వెళ్ళిపోయారు. అప్పట్నుంచీ ఆ పొయ్యి ఆరలేదు.

"నాను తెత్తాను" అన్నాడు తాతబాబు.

తెల్లవారుజామునే తన వ్యాను తీసుకుని తనే బయల్దేరాడు. వెళ్ళేసరికి సన్యాసమ్మ పొయ్యి ముందే ఉంది. విషయం విని తల అడ్డంగా ఊపింది.

"నానొచ్చీత్తే దీన్నెవులు సూత్తారు తమ్ముడూ?"

తాతబాబు ఆ ఖాళీ వీధి వంక చూశాడు. తన ఊరు కూడా చివర్లో ఇలాగే ఉండేది. ఆ రోజు ఇలాంటి మనిషి ఒక్కరుంటే బాగుండేదని అతను ఎన్నోసార్లు అనుకున్నాడు.

"ఆర్పమన్నదెవులప్పా? నిప్పు కుండలో ఎట్టుకుని నువ్వే తెచ్చుకో. ఆ నిప్పుతోనే శిబిరంలో అందరికీ వండుదాం. నీ నిప్పెక్కడుంటే ఊరక్కడే."

ఆ మాట ఆమెకి నచ్చింది. అతని గెడ్డం పట్టుకుని, "కడుపున పుట్టినోడైనా ఇల్లగ సెప్పడు" అంది. తాతబాబు ముఖం తిప్పుకున్నాడు.

ఆమె తలుపుకి తాళం కూడా వెయ్యలేదు. దారి పొడుగునా కుండ కాళ్ళ మధ్య పెట్టుకుని, పిడక తుంచి వేస్తూ నిప్పుని కాపాడుకుంది.

సాయంత్రం వ్యాను శిబిరం ముందు ఆగగానే డప్పులు మోగాయి. ఆడవాళ్ళు సన్యాసమ్మని చుట్టుకుపోయారు. ఆ నిప్పుతోనే పొయ్యి అంటించారు. పైడయ్య మైకు అందుకుని, "తాతబాబు మడిసి కాదర్రా, దేముడు!" అన్నాడు.

అన్నం ఉడికాక సన్యాసమ్మ తొలి ముద్ద తాతబాబుకే కలిపింది. ఆకలి లేదన్నాడు. ఆమె ఊరుకుంటేనా? పసివాడికి పెట్టినట్టు నోట్లో పెట్టింది. అతను ఆ ముద్ద మింగడానికి చాలాసేపు పట్టింది.

చెయ్యి కడుక్కుని లేచి పందిరంతా ఒకసారి తిరిగాడు. చంటిపిల్లల్నీ, మంచం మీద తెచ్చిన ముసలాళ్ళనీ, అందర్నీ పేరుపేరునా పలకరించాడు. ఒక్కరూ తగ్గలేదు.

అప్పుడు రోడ్డు దాటి, ఎస్టీడీ బూత్‌లోకి వెళ్ళి, అద్దాల తలుపు దగ్గరగా వేసుకుని నంబరు నొక్కాడు.

"సార్, మా సాయిశంకర్ ఉద్యోగం మాట మర్సిపోకండి, సన్యాసమ్మని కూడా తెచ్చీసినాను, ఊరు కాలీ, ఇంక మిషన్లు పంపించీండి."