ట్రెడిషనల్ డే పంచె

"ఇన్నేండ్లూ జీన్స్‌తోనే అయిపాయ. ఫైనలియర్ కదా, ఈ ట్రెడిషనల్ డేకి పంచెలో పోతా. కట్టురా," అంటూ చైతన్య హాస్టల్ గదిలో కొత్త పంచె విప్పాడు.

రామాంజి చుట్టాడు. కుచ్చిళ్లు జారిపోయాయి. మళ్లీ చుట్టాడు. మళ్లీ జారాయి.

"కట్టేది వచ్చునంటివి కదప్పా!"

"వచ్చు. మంచం మీద పండుకో."

చైతన్య పగలబడి నవ్వాడు. "పండుకుంటే ఎట్ల కడ్తావురా?"

"నిలబడినోళ్లకు కట్టేది నాకు రాదు. ఒక్కతూరే కట్టినా. నాయన సచ్చిపోయిన దినం, నీళ్లు పోసినాక."

చైతన్య నవ్వు ఆగిపోయింది. వెల్లకిలా పడుకున్నాడు.

ఈసారి కుచ్చిళ్లు జారలేదు. రామాంజి ముఖం చూడలేక చైతన్య కళ్లు మూసుకున్నాడు.

రామాంజి చేతులు ఆగిపోయాయి.

"కండ్లు తెరువురా," అన్నాడు. "తెరువు."