గోడ మీది బాకు

కొత్త వియ్యాలవారి ముందు మా బావ తాతల నాటి బాకు కథ మళ్లీ ఎత్తుకున్నాడు. వెండి లతల ఒర, పచ్చరాళ్లు పొదిగిన పిడి. "బయటికి తీశామంటే రక్తం చూడందే లోపలికి పోదు," అన్నాడు.

నా చెయ్యి ఊరుకుంటుందా? గోడ మీంచి దించి, పిడి పట్టుకుని ఒక్క లాగు లాగాను.

పిడి ఒక్కటే వచ్చింది. దానికి కత్తి లేదు.

"బావా, దీంతో మీ తాత వెన్న కూడా కోసుండడు," అన్నాను. వియ్యపురాలు కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. బావ కూడా నవ్వాడు.

అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. "కొట్టు మూతపడ్డప్పుడు ఆయన దాని వంకే చూస్తూ కూచునేవార్రా. భయమేసి నేనే కత్తి ఊడదీయించి, ఉత్త పిడి ఒరలో బిగించాను. ఇన్నాళ్లూ ఆయనకి తెలీదు. నలుగుర్లో తెలిసేట్టు చేశావు కదరా."

తల దించుకుని బావ దగ్గరికి వెళ్లాను. ఆయన పిడిని ఒరలో జాగ్రత్తగా దోపి, మేకుకి తగిలిస్తున్నాడు.

"నాకు ముందే తెలుసని మీ అక్కతో అనకు," అన్నాడు మెల్లిగా. "ఎప్పుడు లాగి చూశారని అడుగుతుంది."