ఆరో సీసా

ఐదో సీసాలో నీళ్లు కూడా శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు వచ్చింది.

జగన్నాథరావు ఆ కాగితాన్ని బల్లమీద విసిరికొట్టాడు. విజయవాడలో నీటి పరీక్షల ఆఫీసులో ఇన్‌స్పెక్టరు ఆయన. కృష్ణ పొడుగునా, అది సముద్రంలో కలిసే చోటుదాకా, పన్నెండు చోట్ల నీళ్లు పరీక్ష చేయాలని ఆ సంవత్సరం, అంటే 1984లో, పైనుంచి ఆర్డరు వచ్చింది. చోటుకు నెలకొక సీసా, ఆరు నెలలు. పదకొండు చోట్ల ఏ పేచీ లేదు. నాలుగో చోటే ఆయన ప్రాణం తోడేస్తోంది.

జగ్గయ్యపేట దాటాక కృష్ణలోకి దిగే చిన్న వాగు అది. ఎగువన మందుల ఫ్యాక్టరీ. రాత్రిళ్లు గొట్టం విప్పి మురుగు వాగులోకి వదిలేస్తారు. పొద్దెక్కేసరికి అదంతా కిందికి కొట్టుకుపోయి, చూసేవాళ్లకు వాగు అమాయకంగా కనిపిస్తుంది. దిగువన, ఊరికి మైలున్నర దూరంలో, నలభై గడపల పల్లె. వాళ్లు వాగు ఇసకలో చెలమలు తవ్వుకుని ఆ నీళ్లే తాగుతారు. ఆ ఏడు అప్పటికే ఏడుగురు పోయారు. ముందు కాళ్లు వాస్తాయి. తర్వాత కళ్లు పచ్చబడతాయి. ఆ తర్వాత మంచం.

నీళ్లలో విషముందని ఒక్క రిపోర్టు వస్తే చాలు. గొట్టం మూయించవచ్చు, పల్లెకు బోరు వేయించవచ్చు. ఆరూ శుభ్రంగా ఉంటే ఫైలు మూసేస్తారు.

చిక్కల్లా ఒక్కటే. నీళ్లు తెల్లవారుజామునే పట్టాలి. విజయవాడలో మొదటి బస్సెక్కినా ఏడులోపు అక్కడికి చేరలేడు. ముందురోజే వచ్చి మకాం పెడదామంటే, కొత్త మనిషి దిగిన సంగతి గంటలో ఫ్యాక్టరీకి చేరిపోతుంది. అందుకని పల్లెలో లూర్దమ్మ అనే ముసలామెను పట్టుకున్నాడు. గుట్టుగల మనిషి. కొడుకు శాంతయ్యకు అప్పటికే కాళ్లు వాచాయి.

మొదటిరోజు వాగు ఒడ్డున నిలబడి ఆరు గాజుసీసాలు ఆమె చేతికిచ్చాడు.

“నెలకొకటి. మొదటి సోమవారం తెల్లారకముందే లేచి, సీసా నిండా నీళ్లు పట్టి ఎనిమిదింటి బస్సులో కండక్టరుకివ్వాలి. పెద్దాఫీసులో కావాలి. ఎవరికీ చెప్పకు.”

“నా చేత్తో పట్టిన నీళ్లేనా అయ్యా?”

“నీ చేత్తోనే.”

ఎందుకో ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు. నోరు విప్పితే పొక్కుతుందని ఆయన భయం.

జగన్నాథరావుకు నిజాయితీ ఎంతో అనుమానం అంతకు రెట్టింపు. మొదటి రిపోర్టు శుభ్రంగా రాగానే, పరీక్ష చేసిన వెంకటరత్నం లంచం మేశాడనుకుని నిలదీశాడు.

“మీ అనుమానం పాడుగానూ!” అంటూ వెంకటరత్నం సీసాలో మిగిలిన నీళ్లు గటగటా తాగి చూపించాడు. మర్నాడు నిక్షేపంగా ఆఫీసుకొచ్చాడు.

రెండో సీసాను గుంటూరు పంపి పరీక్ష చేయించాడు. అదీ శుభ్రమే. అయితే దారిలో కండక్టరు మార్చేస్తున్నాడనుకుని, మూడోసారి తనే పొద్దున్నే బయల్దేరి వచ్చి రోడ్డుమీద నిలబడ్డాడు. లూర్దమ్మ సీసాను ఉతికిన గుడ్డలో చుట్టి, గుండెకు ఆనించుకుని రొప్పుతూ వచ్చింది. మోకాళ్లదాకా దుమ్ము. ఆ మనిషిని చూస్తే ఆయనకు జాలేసింది.

అదీ శుభ్రమే. తారీకులు ఫ్యాక్టరీకి తెలుస్తున్నాయేమోనని ఆపైన రోజులు మార్చాడు. మార్చిన రోజు ఆమె ఒక్కదాని చెవినే వేశాడు. నాలుగోది, ఐదోది కూడా అంతే.

ఆరోసారి మళ్లీ తనే రోడ్డుమీదికి వచ్చి, సీసా అందుకుంటూ అడిగాడు.

“కొడుక్కెలా ఉంది?”

“మంచం దిగట్లేదయ్యా. ఒకటే దాహం దాహం అంటన్నాడు. ముంతలకు ముంతలు పడతానే ఉన్నా.”

ఆ నీళ్లు తాగించకమ్మా అని నోటిదాకా వచ్చింది. చెప్తే పల్లె అంతా గోల, ఫ్యాక్టరీ జాగ్రత్తపడుతుంది. ఈ ఒక్క రిపోర్టు రానీ అనుకున్నాడు. సీసా సంచిలో పెట్టుకుని బస్సెక్కేశాడు.

పదిరోజులకు ఆరో రిపోర్టు వచ్చింది. తాగడానికి యోగ్యం అని రాసి ఉంది. ఆ సాయంత్రమే పైఅధికారి ఫైలు మూసేశాడు.

మర్నాడు జగన్నాథరావు పల్లెకు వెళ్లాడు. శాంతయ్యను పూడ్చిపెట్టి మూడురోజులైంది. లూర్దమ్మ గుడిసె ముందు ఒక్కతే కూర్చుని ఉంది. ఆయన్ని చూసి లేవబోతే వద్దని తనే నేలమీద చతికిలబడ్డాడు. అంత పెద్దమనిషికీ కళ్లనీళ్లు ఆగలేదు.

“మా ఆఫీసులోనే ఎవరో ద్రోహం చేశారు లూర్దమ్మా. నువ్వు పట్టిన నీళ్లు మార్చేశారు. ఆరు సీసాల్లోనూ చెడన్నదే లేదని రాసేశారు.”

లూర్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. మాట పడ్డ మనిషిలా నొచ్చుకుంటూ అంది:

“చెడెందుకుంటదయ్యా, మా చేతి నీళ్లు కావాలన్నది ఈ పుటకలో తమరొక్కరే, నా కొడుక్కి పోసే వాగు నీళ్లు తమకెట్టా పంపుతాను, ఆరుసార్లూ ఊళ్లోకి పోయి మంచినీళ్ల బావికాడ బతిమాలి పోయించుకొచ్చా.”