ఎడమకి లాగే పిస్తోలు

పిస్తోలు ఇంటికి వచ్చిన రోజున దాన్ని చూపించుకోవడానికి గిరిబాబుకి మనిషి దొరకలేదు.

లైసెన్సు కోసం ఏడాదిన్నర ఆఫీసుల చుట్టూ తిరిగాడు. చివరికి విజయవాడలో తుపాకుల డీలరు దగ్గర కొన్నాడు. మధ్యకి విరిచి గుళ్లు నింపే పాతకాలపు మిలిటరీ రివాల్వరు. పిస్తోలు అనడమే అలవాటు.

"ఎవరిదండీ ఇది?" అని కొనేటప్పుడు అడిగాడు.

"ఎవరో ఆర్మీ ఆఫీసరుదండి. వయసైపోయి అమ్మేశారు" అన్నాడు డీలరు.

గిరిబాబు ఇల్లు తిరువూరు చివర, మామిడితోటలో. భార్య పోయి ఆరేళ్లయింది. హాల్లో అద్దాల బీరువా నిండా పాత కత్తులు, ఇనప టోపీలు, బెల్టు బిళ్లలు. కాయలు బేరం చేయడానికి వచ్చేవాళ్లు వాటి ఎదురుగానే కూర్చుని టీ తాగి, అటు చూడకుండానే లేచి వెళ్లిపోయేవాళ్లు.

నెల తరవాత, ఒక ఆదివారం పొద్దున గేటు చప్పుడైంది.

ఎనభైకి దగ్గర పడిన మనిషి. నేత చీర, కాళ్లకి కాన్వాసు బూట్లు, చేతిలో గొడుగు.

"గంపలగూడెం నుంచి వచ్చాను బాబూ. పాత పిస్తోలు కొన్నారని డీలరు చెప్పాడు. ఒక్కసారి చూపిస్తారా?"

గిరిబాబుకి ప్రాణం లేచొచ్చింది. తన సామాను చూడటానికి పనిగట్టుకుని వచ్చిన మొదటి మనిషి ఆమే.

ఇనప్పెట్టె తీసి పిస్తోలు తెచ్చాడు.

"పట్టుకోవచ్చా?"

"ఖాళీదేనమ్మా. పట్టుకోండి."

రెండు చేతుల్లోకి తీసుకుంది. బొటనవేలితో గొట్టం పొడవునా మెల్లగా రాసింది.

"ఇది మీకు ముందే తెలుసా?"

"యాభై ఏళ్లు తుడిచాను బాబూ దీన్ని."

ఆఫీసరుగారి ఇంట్లో పనిమనిషై ఉంటుంది అనుకున్నాడు గిరిబాబు. ఇంకేమీ అడగలేదు. లోపల కూర్చోమందామనుకున్నవాడు కాస్తా, టీ వరండాలోకి తెచ్చి ఇచ్చాడు.

"కాలుస్తారా దీన్ని?" అందామె టీ తాగుతూ.

"వచ్చే ఆదివారం. పోలీసు స్టేషన్లో చెప్పాను. తోటలో మట్టి గుట్ట కూడా పోయించాను."

"నేనూ రావచ్చా?"

"రండి" అన్నాడు మొహమాటంగా.

ఆ ఆదివారం అతను గేటు తీసేసరికే ఆమె వచ్చి నిలబడి ఉంది.

మట్టి గుట్ట ముందు ఆరు రేకు డబ్బాలు పెట్టాడు. ఆరు గుళ్లూ కాల్చాడు. చిలకలన్నీ లేచిపోయాయి గానీ ఒక్క డబ్బా కదల్లేదు.

మొదటి గుండు పేలినప్పుడు ఆమె కళ్లు మూసుకుంది. ఆరోది పేలాక తెరిచింది.

"ఎడమకి లాగుతుంది బాబూ. దాని గుణమే అంత. బెత్తెడు కుడికి పట్టండి. ఊపిరి వదిలేసి, అప్పుడు నొక్కండి."

గిరిబాబుకి చిర్రెత్తింది.

"తుడిచినంత మాత్రాన కాల్చడం రాదమ్మా."

ఆమె నవ్వింది. "అదీ నిజమే."

"ఇంకో మాట. తుపాకీ ఉన్న ఇల్లు ఇది. బయటివాళ్లు వచ్చిపోతుంటే పోలీసులతో లేనిపోని గొడవ. ఇంక మీరు రాకండి."

ఆమె పెదాల మీద నవ్వు కాసేపు అలాగే ఉండి, తరవాత పోయింది.

"అలాగే బాబూ. నూనె మాత్రం నెలకోసారి పట్టించండి. వానలకి తుప్పు పడుతుంది."

గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది. గిరిబాబు గేటు దాకా కూడా వెళ్లలేదు.

మామిడి కోతలు అయిపోయాయి. వానలు వెలిశాయి. ఒక ఆదివారం మళ్లీ డబ్బాలు పెట్టాడు.

మొదటి గుండు ఎప్పటిలాగే మట్టిలోకి పోయింది.

చూసేవాళ్లెవరూ లేరు కదా అని బెత్తెడు కుడికి పట్టాడు. ఊపిరి వదిలాడు. నొక్కాడు.

డబ్బా ఎగిరిపడింది. తరవాతది కూడా. ఆ తరవాతది కూడా.

"పడింది!" అని సంతోషంగా వెనక్కి తిరిగాడు.

వెనక మామిడి చెట్లున్నాయి.

మిగిలిన గుళ్లు తీసేశాడు. తరవాత పిస్తోలు లోపల పెట్టి, తాళం వేసి, గంపలగూడెం బయల్దేరాడు.

ఆమె పేరు ఏమిటో అతనికి తెలియదు. ఊళ్లో దిగి, షేర్ ఆటోల దగ్గర పీర్‌సాహెబ్ అనే డ్రైవరుని అడిగాడు.

"బూట్లు వేసుకునే పెద్దావిడ. చేతిలో గొడుగు ఉంటుంది."

"చర్చి వెనక ఇల్లు సార్. కూర్చోండి" అన్నాడు పీర్‌సాహెబ్.

ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింట్లోంచి ఒకావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. జోజమ్మనని చెప్పింది.

"జ్ఞానమణిగారి కోసమా? పోయి ఇరవై రోజులైందండీ. నిద్రలోనే పోయారు."

గిరిబాబు గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు.

"మీరు తిరువూరు గిరిబాబుగారా?" అంది జోజమ్మ.

"నా గురించి చెప్పారా?"

"చెప్పకేం! తిరువూరులో నాకో స్నేహితుడు దొరికాడే జోజమ్మా, తుపాకుల సంగతి తెలిసిన మనిషి, అనేవారు. ఆదివారం వస్తే చాలు, చీర ఇస్త్రీ చేసి కట్టుకుని కూర్చునేవారు. వెళ్లరేంటండీ అంటే, ఆయనకి ఏదో పనుందిలే అనేవారు."

గిరిబాబు తలుపుకున్న తాళం వంక చూశాడు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాడు.

"ఆవిడ ఏ ఆఫీసరుగారి ఇంట్లో పనిచేసేవారమ్మా?"

జోజమ్మ అతని వంక వింతగా చూసింది.

"ఒకరింట్లో పని చెయ్యడమేంటండీ? డెబ్బై ఒకటి యుద్ధంలో, లేవలేని పదకొండుమంది జవాన్లున్న ఆసుపత్రి గుడారానికి, సాయం వచ్చేదాకా రెండు రోజులు మీరు కొన్న ఆ పిస్తోలు పట్టుకుని ఒక్కరే కాపలా నిలబడిన మిలిటరీ నర్సు, కెప్టెన్ జ్ఞానమణిగారండీ ఆవిడ."