విరుగుడు మాటలు

అన్న దుప్పటి మీద లేని పురుగుల్ని ఒక్కొక్కటే ఏరి కింద పడేస్తుంటే, తమ్ముడికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"అట్రోపిన్ అండీ," అంది నర్సు సెలైన్ సరిచేస్తూ. "తోటలో కొట్టిన మందు ఒంట్లోకి పోయిందిగా, దానికి విరుగుడు. ఊపిరితిత్తుల్లో చేరిన నీరు ఆరాలంటే ఇవ్వక తప్పదు. ఇది ఎక్కుతున్నంతసేపూ ఏదేదో మాట్లాడతారు. పట్టించుకోకండి."

పట్టించుకునే మనసు తమ్ముడికి ఎలాగూ లేదు. ఇద్దరూ పళ్లతోటలకి పురుగుమందు కొట్టే పనివాళ్లు. ఆ పొద్దున అన్న ఎర్రగా మెరిసే కొత్త మాస్కు తను పెట్టుకుని, వెలిసిపోయిన పాతది తమ్ముడి చేతిలో పెట్టాడు. "ఎప్పుడూ మంచిది నీకేగా" అని తమ్ముడు మూతి ముడుచుకున్నాడు. తీరా పడిపోయింది అన్నే. జాలి వేసింది కానీ కోపం పోలేదు.

తర్వాత రెండు రోజులూ వదినే ఉంది. మూడో రోజు మధ్యాహ్నం తమ్ముడు రాగానే, నిద్రకి వాచిన కళ్లతో సంచీ తీసుకుని మాట్లాడకుండా ఇంటికెళ్లింది.

"వచ్చావా చిన్నోడా," అన్నాడు అన్న. "అలిగావని తెలుసు. కొత్త మాస్కు నీ మొహానికి వదులురా, గాలి దూరుతుంది. అందుకే దాని ఫిల్టర్లు తీసి నీ పాతదానికి బిగించాను. అరిగిపోయినవి నేను వేసుకున్నాను."

"అలాగే. మరి దుప్పటి మీద పురుగులన్నీ పోయాయా?"

అన్న నవ్వలేదు. "నమ్మవా?"

"నమ్మాను. పడుకో."

"మెడ పైకి లేవట్లేదురా. సిస్టర్‌ని పిలువు."

"రైలొస్తోంది, టికెట్ తియ్యమన్నావు మొన్న. అదీ చూస్తాలే," అని తమ్ముడు దుప్పటి భుజాల దాకా లాగాడు.

సాయంత్రానికి అన్నకి ఊపిరి అందలేదు. డాక్టర్లు పరిగెత్తుకొచ్చి గొట్టం వేసేలోపే గుండె ఆగిపోయింది.

"మెడ బలం తగ్గిందంటే తర్వాత ఊపిరికే ఇబ్బంది," అంది నర్సు, వరండాలో. "ముందే తెలిస్తే వెంటిలేటర్ పెట్టేవాళ్లం. మీతో ఏమీ అనలేదా?"

"అన్నాడు సిస్టర్. మెడ లేవట్లేదన్నాడు, మాస్కు గురించి కూడా ఏదో చెప్పాడు. అంతా ఆ ఇంజెక్షన్ మాటలే అనుకున్నాను."

నర్సు అతని మొహంలోకి చూడలేక తల దించుకుంది.

"అట్రోపిన్ నిన్ననే ఆపేశామండీ."