తెర వెనక కుర్చీ

“ఇవాళ సాయంత్రానికి ఒక కుర్చీ ఖాళీ అవుతుంది మాస్టారూ. ఎవరిదో మీరే చెప్పాలి,” అంది ఆర్కెస్ట్రా నడిపే దర్శకురాలు.

ట్రాంబోను అనే పొడవాటి ఇత్తడి బాకా ఊదే మాస్టారు తన వాద్యం పెట్టెను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. హాలంతా ఖాళీ. వేదికకు అడ్డంగా నల్లటి తెర కట్టారు. దాని వెనక ఎవరో దగ్గారు.

“అంటే... నేను వాయించక్కర్లేదా?”

“మీరు వింటే చాలు. మనవాళ్ళూ ఉన్నారు, బయటివాళ్ళూ వచ్చారు. ఎవరెవరో చెప్పను. ముఖం చూస్తే మొహమాటం అడ్డొస్తుంది.”

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. నాలుకతో పై పెదవిని లోపలి నుంచి నొక్కి చూసుకున్నాడు. మొద్దుబారి ఉంది. ఆ పెదవి అదిరితేనే ట్రాంబోను పలికేది. కొన్నాళ్ళుగా అది తనది కానట్టే ఉంటోంది. ఈ సంగతి ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు. ఎవరికి తెలిసినా మర్నాడు తన కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడని ఆయనకు భయం.

పక్కన కూర్చున్న ఫిడేలాయన గొంతు సవరించుకున్నాడు. ఇద్దరూ సర్కసులో వాయించిన రోజుల నుంచీ స్నేహితులే. కానీ ఇవాళ పొద్దుటి నుంచీ ఆయన మాస్టారి ముఖంలోకి చూడటం లేదు.

“సర్కసు, ఓడ మీద డాన్సు హాలు, మిలిటరీ బ్యాండు, చర్చి, సినిమా స్టూడియో... మీరు ఊదని చోటు లేదంటారు,” అంది దర్శకురాలు. “మీ రికార్డింగులు ఎప్పుడైనా వింటారా?”

“వండినవాడికి తన వంట సహించదండీ,” నవ్వాడు మాస్టారు. “మా వాద్యం మూతి జనం వైపు ఉంటుంది. ఊదేవాడికి దక్కేది గిన్నె అడుగున మిగిలిందే.”

దర్శకురాలు నవ్వలేదు. చెయ్యెత్తి సైగ చేసింది.

తెర వెనక మొదటి మనిషి అందుకున్నాడు. రాబోయే కచేరీలో ట్రాంబోను ఒంటరిగా వాయించాల్సిన ముక్క అది. అందరూ అదే వాయించాలట.

“మిలిటరీ బ్యాండు మనిషి,” అన్నాడు మాస్టారు కళ్ళు మూసుకునే. “కవాతు అడుగుకు తగ్గట్టు ఊపిరి తీసే అలవాటు ఇంకా పోలేదు. గట్టివాడే.”

ఊపిరి తేమకు గొట్టంలో చేరిన నీళ్ళు బుస్సుమని వదిలిన చప్పుడైంది. తర్వాతి మనిషి మొదలుపెట్టాడు.

“చర్చిలో నేర్చుకున్నాడు. స్వరం పట్టుకుంటే వదిలిపెట్టలేడు. నేర్పితే దారిలో పడతాడు.”

దర్శకురాలు తలూపుతూనే ఉంది. మాస్టారి ఛాతీ కాస్త పొంగింది. ఇంత చెవి ఉన్నవాణ్ణి ఎవరు తీసేస్తారు? ఈ పూట గట్టెక్కితే చాలు, పెదవి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

“ఇక చివరిది,” అంది దర్శకురాలు మెల్లగా.

అదే ముక్క మళ్ళీ మొదలైంది. నాలుగు స్వరాలైనా కాకముందే మాస్టారు కళ్ళు తెరిచాడు.

“ఏమైంది?” అంది దర్శకురాలు.

“వీడు దొంగండీ. పై స్వరాన్ని నేరుగా అందుకోలేక కింద నుంచి జారుకుంటూ వెళ్ళాడు చూడండి, అది సర్కసు విద్య. గాలి నిలవనిచోట వణికించాడు, అది డాన్సు హాలు విద్య. వీడికి అన్నీ వచ్చు. అన్నీ కలిపి ఒక్క జబ్బును దాస్తున్నాడు. పై పెదవి చచ్చిపోయింది వీడికి.”

“అంత కచ్చితంగా ఎలా చెప్పగలరు?”

“అనుభవం.”

ఫిడేలాయన ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. “తొందరపడకురా. రేపు మనకే వస్తే?”

“ఇలాంటి పెదవికి వైద్యం ఉందట మాస్టారూ,” అంది దర్శకురాలు. “మీరు సరేనంటే జీతంతో సెలవిస్తాను. నయమయ్యేదాకా ఆ కుర్చీ ఎవరికీ ఇవ్వను. ఆ మనిషి నేను చెబితే ఒప్పుకోడు. మీ మాట మాత్రం కాదనలేడు.”

మాస్టారికి నోటిదాకా వచ్చింది, ఇవ్వండమ్మా అని. తెర వెనక ఉన్నవాడు ఎన్ని రాత్రులు అద్దం ముందు పెదవి పిండుకుని ఏడ్చి ఉంటాడో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? కానీ జాలి చూపిస్తే, ఇతనికెందుకింత జాలి అని అనుమానం తనమీదికే తిరుగుతుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టవుతుంది.

“జాలా? వీడికా?” గొంతు పెంచాడు. “గొంతు చించుకున్నా చచ్చిన పెదవి లేవదు మేడమ్. గాలిలో దీపం పెట్టి దేవుడా అంటే ఎలా? పైగా క్రమశిక్షణ కూడా లేదు. మధ్యలో గొట్టంలో నీళ్ళయినా వదల్లేదు చూశారా?”

“ఒరేయ్, ఆగరా...” ఫిడేలాయన ఆయన చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

“నువ్వుండు! ఇవాళే ఇంటికి పంపండి. ఆ కుర్చీ మొదటివాడికివ్వండి.”

“ఇదే మీ ఆఖరి మాటా?”

“నాది ఒకటే మాట.”

దర్శకురాలు తెర పక్కన నిలబడ్డ పనివాడికి సైగ చేసింది. అతను తాడు లాగాడు. తెర పక్కకు జరిగింది.

కుర్చీలో మనిషి లేడు. స్పీకరు పెట్టె ఉంది.

“వాడేడీ?” అన్నాడు మాస్టారు సగం లేచి.

ఫిడేలాయన ఆయన చెయ్యి వదల్లేదు. “నిన్న ప్రాక్టీసు గదిలో తలుపేసుకుని నువ్వు వాయించుకున్నదేరా అది.”