మీరు ముందు దిగండి

“కంట్రోల్ టవర్ ఎందుకమ్మా? పైలట్లు కళ్లు పెట్టుకుని చూసుకుంటే చాలు. ఇక్కడ ఇంతవరకూ రెండు విమానాలు గుద్దుకోలేదుగా?” అన్నాడు పాండురంగారావు.

ఆయన విమానాల భద్రత చూసే ఆఫీసరు. తాడేపల్లిగూడెం ఫ్లయింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే షిరీన్‌కి ఒళ్లు మండిపోయింది. నేర్చుకునే పిల్లల విమానాలన్నీ పొద్దస్తమానం ఈ ఒక్క రన్‌వే మీదే ఎగరాలి, దిగాలి. ఎవరు ముందో చెప్పే నాథుడు లేడు.

“గుద్దుకున్నాక కడతారేమిటండీ?” అనేసింది.

ఆయన నవ్వేసి, వెళ్లేలోగా కొల్లేరు పైనుంచి చూపించమన్నాడు. ఈ మనిషి టవర్ వద్దని రాసేస్తే మళ్లీ ఆ మాట ఎత్తేవాడుండడు. షిరీన్ ఉసూరుమంటూనే విమానం ఎక్కించింది.

కొల్లేటికోట చూసి వెనక్కి తిరిగారు. రన్‌వే మీద దిగబోతుండగా రేడియోలో సాటి పైలట్ దుర్గేష్ గొంతు వినిపించింది.

“షిరీన్ గారూ, నేనూ దిగుతున్నానండీ. సరిగ్గా మీ కిందే ఉన్నాను.”

షిరీన్ ఉలిక్కిపడి కిందికి తొంగిచూసింది. కిందున్న విమానం పైవాళ్లకి కనపడదు. అతను ఎప్పుడు ఎగిరాడో చెప్పినవాళ్లూ లేరు.

“అయితే ముందు మీరు దిగండి,” అంటూ విమానాన్ని పైకి లేపింది.

“అబ్బెబ్బే, మీతో పెద్దాయన ఉన్నారు. మీరే దిగండి. నేనూ పైకి వచ్చేశాను.”

“నేను కుడికి తప్పుకుంటానండీ.”

“అయ్యో, నేనూ కుడికే తిరిగానండీ.”

పాండురంగారావు అద్దానికి ముఖం ఆనించి అటూ ఇటూ వెతికాడు.

“మర్యాదలు తర్వాత. ఎవరు ముందో ఎవరో ఒకరు తేల్చండమ్మా.”

“ఎవరు తేలుస్తారండీ? టవర్ లేదుగా.”

ఆయన మైకు లాక్కున్నాడు. “దుర్గేష్, నువ్వు కొల్లేరు వైపు పో. మేం దిగేదాకా ఇటు రాకు.”

“చిత్తమండీ.”

నేల మీద కాలు పెట్టాక కూడా ఆయన ఆకాశంకేసే చూస్తున్నాడు. “టవర్ కావాలని ఇవాళే రాస్తానమ్మా. ఎంత వెతికినా వాడి విమానం కనపడితే ఒట్టు,” అని జీపెక్కి ఏలూరు వెళ్లిపోయాడు.

షిరీన్‌కి ఏనుగెక్కినంత సంబరంగా ఉంది. ఇక ఏ పిల్లకీ, ఏ పిల్లాడికీ భయం లేదు. గెలిచామని దుర్గేష్‌కి చెప్పాలని ఆకాశంలో వెతుక్కుంటూ షెడ్డు దాకా వచ్చింది. లోపల, చక్రాలు విప్పి దిమ్మెల మీద నిలబెట్టిన విమానంలో అతను రేడియో మైకు ఒళ్లో పెట్టుకుని, తీరిగ్గా కూర్చుని పకోడీలు తింటున్నాడు.

“ఎప్పుడు దిగారండీ?”

“ఎగిరితే కదండీ, దిగడానికి.”